పన్ను మిగులుతుందని అప్పు చేయకండి

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, గాజువాకలో అద్దె ఇల్లు. నెల జీతం 95,000. అందులో మూలవేతనం 40,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 16,000. అద్దె 14,000. ఏప్రిల్‌లో మినహాయింపులు చూపే పాత పన్ను విధానం ఎంచుకుని 80సీ (పీఎఫ్, బీమా వంటి పొదుపులపై మినహాయింపు) కింద 1.5 లక్షలు, అద్దె మినహాయింపు రాసిచ్చాను. జనవరిలో రుజువులు అడిగితే పీఎఫ్ తప్ప ఏమీ చూపలేకపోయాను. ఇంటి ఓనరు పాన్ ఇవ్వనన్నారు. ఫిబ్రవరి, మార్చి జీతాల్లో నెలకు 24,000 అదనంగా కోస్తారట. చేతిలో పొదుపు లేదు. పర్సనల్ లోన్ తీసుకుని మార్చి 31లోపు, 1.5 లక్షల్లో పీఎఫ్ పోగా మిగిలిన 92,000 బీమా పాలసీలో కట్టేయనా?

జవాబు: వద్దండి. ఏప్రిల్‌లో పాత విధానం దగ్గర టిక్ పెట్టినప్పుడే మీ లెక్క తప్పింది. ఇప్పుడు లోన్ తెచ్చినా ఆ తప్పు దిద్దుకోదు.

మీ ఏడాది జీతం 11.4 లక్షలు. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 10.65 లక్షలు. 2025-26లో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి మీరు కట్టాల్సిన పన్ను సున్నా. పాత విధానంలో మీరు రాసిన ప్రతి రూపాయికీ కాగితం ఉన్నా సెస్సుతో కలిపి 79,560 కట్టాలి. కాగితాలు లేవు కాబట్టి అది 1.27 లక్షలైంది. లోన్ తెచ్చి 92,000 పాలసీలో పోస్తే తగ్గేది సుమారు 22,500. అసలు కట్టనక్కర్లేని పన్నులో ఓ ముక్క తగ్గించుకోవడానికి నెలనెలా ఈఎంఐ, ఏటేటా ప్రీమియం నెత్తికెత్తుకుంటారా? ఏజెంట్లు మార్చిలో ఇలాంటి వారికోసమే తిరుగుతుంటారు.

ఇలా ఇరుక్కునేవారు చాలామంది. పోయినేడు రాసిందే ఈ ఏడూ దించేస్తారు. 2023-24 నుంచి ఏమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానమే. పాతది మీరే కోరి తెచ్చుకున్నారు.

ఇవాళే పేరోల్ (జీతాల విభాగం)కు మెయిల్ పెట్టి విధానం మార్చమని అడగండి. ఒప్పుకుంటే ఈ రెండు నెలల కోత ఆగుతుంది, ఇప్పటిదాకా కోసిన 66,300 రిటర్న్‌లో వెనక్కి వస్తుంది. కొన్ని కంపెనీలు ఏడాది మధ్యలో మార్చవు. అప్పుడు కోయనివ్వండి. జూన్ 15 నాటికి ఫారం 16 (ఏడాది జీతం, కోసిన పన్నుల పత్రం) ఇస్తారు. అందులోని టీడీఎస్ (జీతంలో కోసిన పన్ను) 26ఏఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరి మీ పన్ను ఖాతాలో, ఉన్నదాంతో సరిపోయిందో లేదో చూసుకుని, పోర్టల్‌లో బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ చేసి, జూలై 31లోపు కొత్త విధానంలో రిటర్న్ వేయండి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి రిటర్న్‌లో విధానం మార్చుకోవచ్చు. మొత్తం 1.27 లక్షలూ రిఫండ్ అవుతుంది. షేర్ల లాభాల వంటి వేరే ఆదాయం ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

ఇంటి రుణం వడ్డీ బాగా కడుతూ పాత విధానమే లాభమని లెక్కవేసుకున్నవారు 2025-26కు ఫారం 12బీబీ (మినహాయింపులు కంపెనీకి రాసిచ్చే పత్రం) నింపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. అద్దె గడిలో కట్టిన అద్దె రాయాలి, హెచ్‌ఆర్‌ఏ కాదు. మినహాయింపు మూడింటిలో తక్కువది: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, మూలవేతనంలో 10 శాతం పోగా మిగిలిన అద్దె, విశాఖలో మూలవేతనంలో 40 శాతం. మీకైతే 16,000, 10,000, 16,000. కాబట్టి నెలకు 10,000 మాత్రమే. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ రాయాల్సిందే. మీది 1.68 లక్షలు. బంధువు పాన్ వేసి దొంగ రసీదు పెడితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా పడుతుంది. ఫారం కింద సంతకం మీదే, కంపెనీది కాదు.

ఇంటి రుణం గడిలో ఈఎంఐ మొత్తం రాసేవారున్నారు. అక్కడ వడ్డీ ఒక్కటే రాయాలి, దాంతోపాటు బ్యాంకు పేరు, చిరునామా, పాన్. అసలు 80సీలోకి వెళ్తుంది. పీఎఫ్‌ను పేరోల్ ముందే కలుపుతుంది, మళ్లీ రాస్తే రెండుసార్లవుతుంది. స్కూలు ఫీజులో ట్యూషన్ ఫీజే చెల్లుతుంది, బస్సు ఫీజు చెల్లదు. ఆరోగ్య బీమా ప్రీమియం నగదుగా కడితే దానిపై మినహాయింపు (80డీ) రాదు. మధ్యలో ఉద్యోగం మారినవారు పాత జీతం వివరాలు ఫారం 12బీలో కొత్త కంపెనీకి ఇవ్వాలి. లేదంటే రెండు కంపెనీలూ విడివిడిగా రిబేటు ఇచ్చేస్తాయి, బకాయి రిటర్న్ వేసేటప్పుడు వడ్డీతో బయటపడుతుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట "చేతిలో పొదుపు లేదు". మామూలు పన్ను కోతతోపాటు అదనపు కోత పోయినా, పీఎఫ్, వృత్తి పన్ను తీసేశాక మీకు నెలకు దాదాపు 59,600 వస్తుంది. అద్దె పోతే 45,600. ఆ రెండు నెలలూ దాంతో గడుస్తాయి, లోన్ ఎందుకు? ఇప్పటిదాకా నెలకు 83,000 అందుకుంటూ ఒక్క నెల ఖర్చుకూడా పక్కన లేకపోవడమే అసలు ప్రమాదం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో లోన్ యాప్ తెరుచుకోదు. ఇంట్లో 10,000 నగదు ఉంచండి. ఆరు నెలల ఖర్చు, నెలకు 50,000 చొప్పున 3 లక్షలు, సేవింగ్స్ ఖాతాలోనూ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనూ ఉండాలి. రిఫండ్ రాగానే మొత్తం అందులో వేయండి, మిగిలిన దానికి ఏప్రిల్ నుంచి జీతం పడ్డ రోజే 15,000 ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఈక్విటీ ఫండ్లు, ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) ఆ తర్వాతే. కుటుంబం మీ జీతం మీదే ఆధారపడి ఉంటే టర్మ్ పాలసీ (పొదుపు కలపని, జీవిత బీమా మాత్రమే ఉన్న పాలసీ) ఇప్పుడే తీసుకోండి, దాని ప్రీమియంకు లోన్ అవసరం పడదు.