గుర్రాల లెక్క

ప్రశ్న: 5 హార్స్‌పవర్ అని చెప్పి అమ్మిన బోరు మోటారు ప్లేటు మీద 3.7 కిలోవాట్లు అని ఉంది. మోసమా? అసలీ గుర్రాల లెక్క ఎవరిది?

జవాబు: మోసం లేదు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు, ఐదైతే 3,730. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి, మిల్లు తిప్పే గుర్రాలతో పోల్చి కట్టిన లెక్క ఇది: నిమిషంలో 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు పైకి ఎత్తడం. నిజానికి మామూలు గుర్రం రోజంతా అంత లాగలేదు!

ప్లేటు మీది అంకె షాఫ్టు (మోటారులో తిరిగే కడ్డీ) దగ్గర అందే శక్తి. మోటారు సామర్థ్యం, అంటే తీసుకున్న కరెంటులో షాఫ్టుకు చేరే వాటా, 80 శాతమైతే, ఫుల్ లోడు మీద గంటకు దాదాపు 4.7 యూనిట్లు కాలుతుంది.

కార్ల ప్రకటనల్లోని పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) వేరు, 735.5 వాట్లే. 100 పీఎస్ అంటే సుమారు 98.6 బీహెచ్‌పీ (746 వాట్ల లెక్కన ఇంజిన్ హార్స్‌పవర్).