నేరకథ చెప్పబోయే అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన నేరకథల పాడ్‌కాస్టు మొదటి ఎపిసోడ్ రెండుసార్లు విన్నాను. మొదట కాలువ గట్టున నడుస్తూ, తర్వాత కాగితం, కలం పట్టుకుని. గొంతు బాగుంది, తడబాటు లేదు. కానీ నాలుగో నిమిషంలోనే “ఆ ఊళ్లో ఒక గుంపు ఉండేది. చెవులకు పోగులు, చేతినిండా పచ్చబొట్లు, అర్ధరాత్రి బైకులు” అంటూ వెనక డప్పు మోగించావు. అప్పటికింకా శవమే దొరకలేదు, హంతకుణ్ణి మాత్రం చూపించేశావు. తీరా ఎపిసోడ్ అయిపోయినా ఆ కుర్రాళ్లకు హత్యతో ఏం సంబంధమో చెప్పలేదు. (పెళ్లికీ చావుకీ మోగే డప్పును భయపెట్టడానికి వాడటం గురించి విడిగా పోట్లాడతాను.)

ఈ తప్పు నేనూ చేశాను. విలేఖరిగా చేరిన కొత్తలో ఒక హత్య జరిగింది. కాలువ గట్టున గుడారాలు వేసుకున్న సంచారజాతి వాళ్ల మీద అనుమానమని స్టేషన్‌లో ఎవరో అన్నారు. “ముఠా హస్తం?” అని రాసి పంపాను. ఆ ప్రశ్నార్థకం ఉంది కాబట్టి నాకు పాపం అంటదనుకున్నాను. పేపరు వచ్చిన మర్నాడు వెళ్లి చూస్తే గుడారాలు లేవు. మూడు రాళ్ల పొయ్యి మీద సత్తు గిన్నె, అందులో సగం ఉడికిన అన్నం, చుట్టూ కాకులు. నెల తర్వాత పట్టుబడినవాడు హతుడి సొంత బావమరిది. పొలం గట్టు తగాదా. ఆ వార్త లోపలి పేజీలో నాలుగు వరుసలు వచ్చింది. గుడారాల వాళ్లకు ఆ పేపరు ఎవరు చదివి వినిపిస్తారు?

పుట్టుకను బట్టి జాతులకు జాతులనే నేరస్థులుగా ముద్రవేసే చట్టాన్ని తెల్లవాళ్లు 1871లో తెచ్చారు. 1952లో అది రద్దయింది. ఆ ముద్ర పడినవాళ్లను ఉంచిన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ జనం జేబు తడుముకుంటారు. చట్టం పోయినా చెప్పుకునే కథ పోలేదు. నువ్వు చెప్పబోయేదీ కథే కనుక ఇది నీకు రాస్తున్నాను.

నువ్వు వినే అమెరికా పాడ్‌కాస్టుల్లో వెస్ట్ మెంఫిస్ కేసు తగిలే ఉంటుంది. 1993లో ముగ్గురు పసివాళ్లు హత్యకు గురయ్యారు. నల్లబట్టలు వేసుకుని హెవీ మెటల్ పాటలు వినే కుర్రాళ్ల మీదికి అనుమానం పోయింది, సైతాను పూజలన్నారు. ముగ్గురికి శిక్ష పడింది, ఒకరికి మరణశిక్ష. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2011లో, నిర్దోషులమని చెప్పుకుంటూనే నేరాంగీకార ఒప్పందం మీద బయటికి వచ్చారు. అందులో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆ కుర్రాళ్ల పక్షాన నిలిచినవాళ్లలోనే కొందరు, చనిపోయిన ఒక పిల్లవాడి పెంపుడు తండ్రిని వాలకం చూసి అనుమానించారు. బట్టలను బట్టి తీర్పు చెప్పకూడదన్నవాళ్లే మనిషి తీరును బట్టి తీర్పు చెప్పారు. తర్వాత ఆ తండ్రే కుర్రాళ్ల తరఫున మాట్లాడాడు.

ఇక పని సంగతి. జడ్జిమెంటు చదవకుండా నోరు విప్పకు. ఛార్జిషీటు పోలీసుల వాదన మాత్రమే. జడ్జిమెంటులో ఏ సాక్షి ఎదురు తిరిగాడో, పంచనామా మీద ఎవరు సంతకం పెట్టి తర్వాత కాదన్నారో ఉంటుంది. కథ అక్కడుంది. “పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు” అని నువ్వు గంభీరంగా చదివిన వాక్యం కోర్టులో నిలవదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వది చూడు. ఆ ఒప్పుకోలు వల్ల కత్తో, నగో బయటపడితే ఆ మేరకు మాటే చెల్లుతుంది. శిక్ష పడేదాకా ముద్దాయే, హంతకుడు కాదు. పడ్డాక కూడా హైకోర్టులో అప్పీలు ఉందేమో కనుక్కో.

ఊరి పేరు మార్చాను కదా అని నిశ్చింతగా ఉండకు. “వైనతేయ ఒడ్డున, రేవు పక్క రెండో డాబా” అన్నావంటే ఈ చుట్టుపక్కల ఇల్లు తెలియనివాడు ఉండడు. ఆ ఇంట్లో హతుడి తల్లి ఇంకా ఉంది. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు, రికార్డరు లేకుండా. వద్దంటే ఆ కేసు వదిలెయ్. నువ్వు వదులుకోవన్నది నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

నేను చూసిన హత్యల్లో చాలావాటి వెనక గట్టు, చెరువు లీజు, వడ్డీ బాకీ, భార్య మీద అనుమానం ఉండేవి. వినడానికి చప్పగా ఉంటాయి. పచ్చబొట్టు కుర్రాళ్లంత రక్తి కట్టవు. ఆ చప్పదనాన్నే వినేలా చెప్పగలవేమో ప్రయత్నించు, నీ గొంతుకు ఆ శక్తి ఉంది.

నీ కేసు జడ్జిమెంటు నకలుకు కోర్టులో దరఖాస్తు పెట్టించాను. వచ్చే ఆదివారం వస్తే నువ్వే చదివి వినిపించాలి. కంట్లో శుక్లాలు ముదిరాయి, టైపు అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

మీ పెదనాన్న