ప్రశ్న మీది, జవాబు నాది: బ్రెగ్జిట్ తగవు ఇంకా తెగలేదా?

చాలాకాలం ఇంగ్లండులోని లెస్టర్‌లో కాపురం ఉండి వచ్చాను కనక, ఆ దేశం ఊసున్న ఉత్తరాలన్నీ సంపాదకులు నా బల్ల మీదే పడేస్తారు. ఈసారి వచ్చిన నాలుగూ బ్రెగ్జిట్ మీదే, అంటే యూరప్ దేశాల కూటమైన యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం మీదే.

*

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అల్లుడూ వాళ్ళ అన్నయ్యా లెస్టర్‌లోనే ఉంటారు. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఓటింగు పెట్టినప్పుడు మా అల్లుడు ఉండాలని, ఆయన అన్నయ్య రావాలని వేశారట. ఇప్పటికీ పండక్కి కలిస్తే ఆ మాట రాగానే ఒకరు కంచం ముందు నుంచి లేచిపోతారు. మా అమ్మాయి ఫోనులో ఒకటే గోల. అసలు ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అక్కడ ఓటేమిటి? పెద్దాయన బాగా చదువుకున్నవాడు, ఎందుకలా వేశాడు? – ఓ గృహిణి, తెనాలి

జవాబు: ఓటు ఉందమ్మా, చట్టప్రకారమే ఉంది. కామన్వెల్త్ అని, ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి ఒకటుంది, మనమూ అందులో ఉన్నాం. ఆ దేశాల పౌరులు బ్రిటన్‌లో సక్రమంగా నివాసం ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు. 2016 నాటి ఆ ఓటింగుకీ (రిఫరెండానికీ) అదే పద్ధతి పెట్టారు. అలా హైదరాబాదు నుంచి వర్క్ వీసా మీద దిగిన కుర్రాడికి ఓటొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే పన్నులు కడుతున్న పోలండు మేస్త్రీకి, ఫ్రెంచి టీచరుకి రాలేదు. యూరప్ వాళ్ళలో ఐర్లండు, మాల్టా, సైప్రస్ పౌరులకి మాత్రం మినహాయింపు.

ఆ జూన్ 23న నేను మా వార్డులో పోలింగ్ క్లర్కుగా కూర్చున్నాను. అక్కడ ఆ పనికి స్కూలు టీచర్లనే పట్టుకురారు. ఎవరైనా కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టుకుని, డబ్బు తీసుకుని చేయొచ్చు. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. వేలికి సిరా లేదు, అప్పట్లో గుర్తింపు కార్డూ అడిగేవాళ్ళం కాదు. పేరూ అడ్రసూ చెబితే జాబితాలో స్కేలు పెట్టి గీత కొట్టి బ్యాలెట్ కాగితం చేతికివ్వడమే. బూత్‌లో దారం కట్టిన పెన్సిలు వేలాడుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అందరూ దాంతోనే వేశారు, ఎవరూ నోరెత్తలేదు. ఆ రోజు మాత్రం కొందరు జేబులోంచి పెన్ను తీసి మాకు చూపించి మరీ లోపలికి వెళ్ళారు. పెన్సిలు గీతలు రాత్రికి రాత్రే ప్రభుత్వం చెరిపేస్తుంది, పెన్ను తీసుకెళ్ళండి అని సోషల్ మీడియాలో ప్రచారం జరిగింది మరి. పువ్వుల గౌను వేసుకున్న ఓ పెద్దావిడ బాల్‌పెన్ను పైకెత్తి, దీంతో వేస్తే చెల్లుతుందా అని నన్నడిగింది. చెల్లుతుందన్నాను. నమ్మకం కుదరక పక్కనున్న ఇంగ్లీషు క్లర్కుని మళ్ళీ అడిగింది. లెక్కింపు మొదలవకముందే ఇంత అనుమానం ఉంటే, ఓడినవాళ్ళు ఎవరైనా సరే ఊరుకోరని అప్పుడే అనిపించింది.

మధ్యాహ్నం ఓ పోలండు అమ్మాయి వచ్చింది. స్థానిక ఎన్నికల్లో తను ఓటేసేది, దీనికీ ఉంటుందనుకుంది. లేదని చెప్పాల్సిన పని నాకు పడింది. చెప్పిన నా బ్యాగులో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు. ఆ పిల్ల పాపం థాంక్యూ చెప్పి వెళ్ళింది.

ఇక పెద్దాయన సంగతి. ఆయన్ని నేనెరగను గానీ ఆ వాదన మా వీధిలో రోజూ విన్నదే. ‘రొమేనియా నుంచి ఎవడైనా బస్సెక్కి వచ్చి ఉద్యోగం చేసుకోవచ్చు. మా అమ్మ మనవణ్ణి చూడ్డానికి రావాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం కాగితాలు అన్నీ కావాలి, అయినా వీసా తిరగ్గొడతారు. ఇదేం న్యాయం?’ అనేవారు. ఆ కడుపుమంటని ప్రచారంలో బాగా వాడుకున్నారు. యూరప్ నుంచి వలసలు ఆగితే మన వైపు నుంచి వంటవాళ్ళని తెచ్చుకోవచ్చు, కర్రీ హోటళ్ళు బతుకుతాయి అని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ చెప్పారు. ఆ హోటళ్ళు నడిపేది ఎక్కువగా బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళు. అనుకున్నట్టు వంటవాళ్ళు రాలేదని తర్వాత వాళ్ళే మండిపడ్డారు. లార్డ్ యాష్‌క్రాఫ్ట్ అనే రాజకీయ నాయకుడు చేయించిన సర్వేలో ఆసియా సంతతి ఓటర్లలో మూడింట ఒకరు బయటికే వేశామన్నారు. కాబట్టి మీ పెద్దాయన ఒంటరివాడేం కాదు. లెస్టర్ మొత్తం మీద కూడా ఉండాలన్నవి 70,980 ఓట్లు, పోదామన్నవి 67,992. 

అన్నదమ్ముల్ని కలపడం నా వల్ల కాదు. మీ అమ్మాయిని మాత్రం మధ్యవర్తిత్వం మానుకోమనండి. వాళ్ళకి పోట్లాడుకోవడానికి బ్రెగ్జిట్ దొరికింది, లేకపోతే ఊళ్ళో స్థలం దొరికేది.

*

ప్రశ్న: 52–48 అని తేలిపోయింది కదా మేడమ్. ప్రజలు తీర్పిచ్చాక బయటికి రావడానికి మూడున్నరేళ్ళు ఎందుకు పట్టింది? ఓడినవాళ్ళు అడ్డుపడ్డారనే రాయాలా? – గ్రూప్స్‌కి చదువుతున్న విద్యార్థి, హనుమకొండ

జవాబు: అలా రాస్తే సగం మార్కులే పడతాయి బాబూ. సరైన అంకెలు: బయటికి రావాలన్నవి 51.9, ఉండాలన్నవి 48.1, పోలింగు 72.2 శాతం. బ్యాలెట్ కాగితం మీద ఉన్నవి రెండే: సభ్యదేశంగా కొనసాగడం, బయటికి రావడం. ఎలా రావాలన్నది దాని మీద లేదు. నార్వేలాగా యూనియన్‌లో చేరకుండానే దాని ఉమ్మడి మార్కెట్‌లో ఉండొచ్చు. కెనడాలాగా ఓ వాణిజ్య ఒప్పందంతో సరిపెట్టుకోవచ్చు. ఏ ఒప్పందమూ లేకుండా తలుపు ధడాలున వేసి వచ్చేయొచ్చు. ప్రచారంలో ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్పుకుపోయారు. ‘యూరప్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, అది మన ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఆస్పత్రులకి ఇద్దాం’ అని ఎర్రబస్సు మీద రాసుకుని ఊరూరా తిరిగారు. బ్రిటన్‌కి దక్కే రాయితీని తీసేయకుండా కట్టిన లెక్క అది. అక్కడి గణాంకాల సంస్థే తప్పుదోవ పట్టించే అంకె అని చెప్పినా బస్సు మీద మారలేదు. ఆస్పత్రికి డబ్బొస్తుందని వేసిన సండర్‌లాండ్ కార్మికుడూ, నిబంధనలు తగ్గితే చాలనుకున్న లండన్ ఫైనాన్సు పెద్దమనిషీ ఒకే గడిలో గీత పెట్టారు. అన్నీ కలిపితే 1,74,10,742. విడదీసి చూస్తే ఏ ఒక్క దారికీ మెజారిటీ లేదు. నా దృష్టిలో తగవంతా ఇక్కడే ఉంది.

దీనికి తోడు ఐర్లండు. ఉత్తర ఐర్లండు బ్రిటన్‌ది, దక్షిణాన ఉన్న రిపబ్లిక్ యూనియన్ సభ్యదేశం. అక్కడి హింసని ఆపిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత ఆ సరిహద్దు మీద సైనికుల కాపలా పోయి, జనం పక్క ఊరికి వెళ్ళినట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. బ్రిటన్ బయటికొస్తే సరుకుల తనిఖీ ఎక్కడో ఒకచోట చేయక తప్పదు. సరిహద్దు మీద చేస్తే పాత గాయాలు రేగుతాయి. ఉత్తర ఐర్లండుకీ మిగతా బ్రిటన్‌కీ మధ్యనున్న సముద్రం దగ్గర చేస్తే సొంత దేశంలోనే ఒక ముక్కని వేరు చేసినట్టవుతుంది. ప్రచారం రోజుల్లో మా లెస్టర్‌లో ఒక్క మనిషి నోట కూడా ఈ ముక్క వినలేదు నేను.

అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న పార్లమెంటులో 432–202తో ఓడిపోయింది. ఎదురు ఓటేసిన సొంత పార్టీవాళ్ళు 118 మంది. వాళ్ళలో ఎక్కువమంది బయటికి రావాలన్నవాళ్ళే, ఇది చాలినంత ‘బయట’ కాదని వాళ్ళ బాధ. ఓడినవాళ్ళూ అడ్డుపడ్డారు, నిజమే, కానీ గెలిచినవాళ్ళు అంతకు తక్కువేం తినలేదు.

కోర్టు సంగతి కూడా రాసుకో. పార్లమెంటు అనుమతి లేకుండా ప్రభుత్వం వైదొలిగే నోటీసు ఇవ్వకూడదని గినా మిల్లర్ అనే వ్యాపారవేత్త కేసు వేసి గెలిచారు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు 8–3తో ఖాయం చేసింది. అంతకుముందు హైకోర్టు తీర్పిచ్చిన మర్నాడు డెయిలీ మెయిల్ ముగ్గురు జడ్జీల ఫొటోలు వేసి ‘ప్రజాశత్రువులు’ అని పతాక శీర్షిక పెట్టింది. మా వీధి చివర పేపర్లమ్మే గుజరాతీ కొట్టాయన ఆ దొంతరని బోర్లా తిప్పి పెట్టాడు. కొనేవాళ్ళు తిరగేసుకుని కొన్నారు.

చివరికి మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ 2019 డిసెంబరు ఎన్నికల్లో 80 సీట్ల ఆధిక్యంతో నెగ్గి, 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకి బయటికి తెచ్చారు. ఆ రాత్రి పార్లమెంటు గోపురంలోని పెద్ద గంట బిగ్ బెన్ మోగలేదు. గోపురం మరమ్మతుల్లో ఉంది, ఒక్కసారి మోగించడానికి 5 లక్షల పౌండ్ల దాకా అవుతుందన్నారు. రికార్డింగు వేసి సంబరం చేసుకున్నారు.

*

ప్రశ్న: మన రాష్ట్ర విభజన లాంటిదే కదండీ ఇది? – విశ్రాంత ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: కాదండీ. మనకి రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటు చట్టం చేసింది, ఓటింగు పెట్టి జనాన్ని అడగలేదు. విడిపోయినా ఒకే దేశంలో ఉన్నాం. మీరు చూడవలసింది స్కాట్లండుని. 2014లో స్వతంత్రం వద్దని అక్కడ 55 శాతం వేశారు. బ్రిటన్ నుంచి విడిపోతే యూరప్‌లో చోటు పోతుందని అప్పుడు భయపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా, యూరప్‌లోనే ఉందామని 62 శాతం వేసి కూడా, బ్రిటన్‌లో ఉన్న పాపానికి బయటపడ్డారు. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది.

*

ప్రశ్న: బ్రిటన్ విడిగా రావడం వల్ల మా రొయ్యలకి ఏమైనా కలిసొస్తుందా? వాళ్ళు మళ్ళీ యూనియన్‌లో చేరితే? – వనామీ రైతు, భీమవరం

జవాబు: ముందు స్కాట్లండు రొయ్యల కథ వినండి. బయటికి రావాలని గట్టిగా అన్నవాళ్ళలో సముద్రం మీద బతికేవాళ్ళు ముందున్నారు. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవున్న నార్త్ ఈస్ట్ లింకన్‌షైర్‌లో 69.9 శాతం అటే వేశారు. మా నీళ్ళలో చేప మాదే అన్నది వాళ్ళ మాట. కానీ ఆ దేశపు పడవలు పట్టిన సరుకులో ఎక్కువ భాగం కొనేది యూరప్. 2021 జనవరి నుంచి ప్రతి లోడుకీ ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ కాగితాలు కావాల్సొచ్చాయి. రాత్రి లారీ ఎక్కితే మర్నాటికల్లా ఫ్రాన్స్ మార్కెట్‌లో ఉండే స్కాట్లండు లాంగస్టీన్ రొయ్యలు దారిలోనే ఆగిపోయాయి. ఐసు కరుగుతుంటే రేటెలా పడిపోతుందో భీమవరం మనిషికి నేను చెప్పాలా? ఆ నెల 18న ఆ సరుకు ఎగుమతి చేసేవాళ్ళు లారీలేసుకుని లండన్ పార్లమెంటు దగ్గరికే వెళ్ళారు.

మీకు కొంత కలిసొచ్చే మాట నిజం. యూనియన్‌లో ఉన్నంతకాలం ఏ సభ్యదేశమూ సొంతంగా వాణిజ్య ఒప్పందం చేసుకోలేదు. బయట ఉన్నారు కాబట్టే 2025 జూలై 24న మన దేశంతో సంతకం పెట్టారు, అందులో రొయ్యల మీద సుంకం ఎత్తేసే అంశం ఉంది. అయితే సుంకం పోయినా యాంటీబయోటిక్ పరీక్షలు పోవు. పైగా అమెరికా ముందు బ్రిటన్ చిన్న మార్కెట్. ఇంకో చెరువు లీజుకి తీసుకునే ముందు మీ ఎక్స్‌పోర్టరు దగ్గర ఆర్డరు కాగితం చూడండి.

మళ్ళీ చేరితే ఆ ఒప్పందం చెల్లదు, కానీ ఇప్పట్లో చేరే సూచన లేదు. బయటికి రావడం పొరపాటేనని సర్వేల్లో సగం మందికి పైగా అంటున్నారు. అయినా ఆ ప్రశ్న మళ్ళీ జనం ముందు పెట్టడానికి పెద్ద పార్టీలు జంకుతున్నాయి. 2024లో గెలిచిన లేబర్ పార్టీ, ఉమ్మడి మార్కెట్‌లోకి తిరిగి వెళ్ళబోమని చెప్పే ఓట్లడిగింది. 2025 మేలో యూరప్‌తో కూర్చుని ఆహార సరుకుల తనిఖీలు తగ్గించుకుందామనుకున్నారు. అదే బేరంలో యూరప్ పడవలు బ్రిటన్ నీళ్ళలో 2038 దాకా చేపలు పట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. దానికి అక్కడి జాలర్లు అన్న మాటలు ఇక్కడ రాస్తే సంపాదకులు అచ్చు వేయరు.