దేవుణ్ణి ‘నీవు’ అనవచ్చునా, ‘మీరు’ అనాలా?

సందేహం: మాది చిత్తూరు. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు పాటలు సిద్ధం చేసే పని నాది. పాత క్రైస్తవ కీర్తనలన్నిటిలోనూ దేవుణ్ణి ‘నీవు, నీ, నిన్ను’ అని పిలుస్తారు. ఈ మధ్య వచ్చే ఆరాధన పాటల్లో కొన్ని ‘మీరు, మీకే, మీలో’ అంటున్నాయి. మా సంఘ పెద్ద ఒకరు, ‘కన్నతండ్రినే మీరు అంటాం, దేవుణ్ణి నువ్వు అనడమేమిటి?’ అని పాత పాటలను కూడా దిద్దించారు. దిద్దిన పేజీ జెరాక్సు పంపుతున్నాను. ఏది సరైన తెలుగు? అలాగే ‘స్తుతించుడి’ అన్నది పిల్లలకు నోరు తిరగడం లేదు. దానిని ‘స్తుతించండి’ అని మార్చి పాడవచ్చునా?

సమాధానం: మీ ఉత్తరం కంటే ముందు ఆ జెరాక్సు పేజీనే రెండుసార్లు చదివాను. పల్లవిలో ‘నీవే’ అన్న మాటను నీలి సిరాతో కొట్టివేసి, పైన ‘మీరే’ అని రాశారు. మొదటి చరణంలో ‘నీకు’ అన్నది ‘మీకు’ అయింది. ‘నడిపించావు’ అన్నది ‘నడిపించారు’ అయింది. మూడో పాదానికి వచ్చేసరికి ‘నిన్ను’ అన్న మాట కింద ఒక గీత పడింది కానీ, పైన ఏమీ రాయలేదు. ఆ తరువాతి పాదంలో ‘మంచివాడవు’ అన్నదీ అలాగే మిగిలిపోయింది. కలం అక్కడ ఎందుకు ఆగిందో చెప్పగలిగితే మీ సందేహంలో సగం తీరినట్లే.

తెలుగులో ‘నీ’, ‘మీ’ అనే మాటలు అర్థంలో ఎంత దూరమో, ఉచ్చారణ కాలంలో అంత దగ్గర. ‘నీవే’ నాలుగు మాత్రలు, ‘మీరే’ నాలుగు మాత్రలు. ‘నీకు’, ‘మీకు’ మూడేసి. ‘ఉన్నావు’, ‘ఉన్నారు’ అయిదేసి. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా తాళం ఎక్కడా తట్టుకోదు, గాయకుడికి మార్పు తెలియనే తెలియదు. అయితే ద్వితీయా విభక్తిలో ఈ సౌకర్యం పోతుంది. ‘నిన్ను’ అన్నది మూడు మాత్రల మాట. దాని బహువచనంగా ఇప్పుడు మన నోట మెదిలే ‘మిమ్మల్ని’ అయిదు మాత్రలు. రెండు మాత్రలు ఎక్కువైతే పాదం తాళం దాటి బయటికి వస్తుంది. ‘మిమ్ము’ అనే పాత రూపం సరిగ్గా మూడు మాత్రలే, అది అక్కడ చక్కగా ఇమిడేది కూడా. కానీ ఆ రూపం వ్యవహారంలో లేకపోవడం వల్ల దిద్దినవారికి తట్టలేదు. కనుక ‘నిన్ను’ అలాగే ఉండిపోయింది. కొత్త పాటలలోనూ మొదటి పాదం ‘మీరే నా ఆధారం’ అని మొదలై మూడో పాదం ‘నిన్నే నమ్మితిని’ అని ముగియడానికి కారణం చాలావరకు ఇదే. ఇందులో భక్తిలోపం వెదకనవసరం లేదు. బాణీ ఒప్పుకున్నచోట గౌరవ బహువచనం వచ్చింది, ఒప్పుకోనిచోట రాలేదు, అంతే.

‘మంచివాడవు’ సంగతి ఇంకా చిక్కు. తెలుగులో క్రియకే కాదు, వాక్యాన్ని ముగించే నామవాచకానికి కూడా పురుష ప్రత్యయం చేరుతుంది. ‘నేను పాపిని’, ‘మేము నీ మందలోని గొర్రెలము’, ‘నీవు నా కాపరివి’, ‘నీవు మంచివాడవు’ అన్న వాక్యాలలో చివరి ‘ని, ము, వి, వు’ అనేవి కర్త ఎవరో చెబుతున్నాయి. కర్తను ‘మీరు’గా మార్చినప్పుడు ‘మీరు మంచివాడవు’ అంటే అది ఏ ప్రాంతపు తెలుగూ కాదు. ‘మీరు మంచివారు’ అనాలి, అప్పుడు ఒక మాత్ర తగ్గుతుంది. ‘నీవు దేవుడవు’ అన్న వాక్యాన్ని బహువచనంలోకి తెచ్చి చూడండి. ‘మీరు దేవుడు’ అంటే వాక్యం సగంలో ఆగినట్లుంటుంది. ‘మీరు దేవుళ్ళు’ అంటే వ్యాకరణం కుదురుతుంది కానీ, ఒక్కడే దేవుడని నమ్మే సభ దానికి ఆమెన్ చెప్పలేదు. ‘మీరు మా డాక్టరు’, ‘మీరు మా మేష్టారు’ అని ధారాళంగా అనే మనకు ‘మీరు మా దేవుడు’ అన్నచోట నాలుక తడబడటం గమనించదగ్గ విషయం. ఆ మాట తెలుగువాళ్ళం ఎన్నడూ అలా వాడి ఉండకపోవడమే అందుకు కారణం.

ఇక గౌరవం మాట. మన ప్రాంతంలో ఉన్నవారికి ఇది వేరే ఉదాహరణ లేకుండానే తెలియాలి. తిరుపతిలో ఏ ప్రకటన చూసినా ‘శ్రీవారు ఊరేగారు’, ‘స్వామివారు దర్శనమిచ్చారు’ అని బహువచనమే కనబడుతుంది. అదే భక్తుడు కొండెక్కి గుడిలో నిలబడగానే ‘నువ్వే దిక్కు, నన్ను కాపాడు’ అంటాడు. దేవుణ్ణి గురించి చెప్పేటప్పుడు బహువచనం, దేవుడితో చెప్పుకొనేటప్పుడు ఏకవచనం. ఈ విభజన మన భాషలో చాలా పాతది. అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరుణ్ణి, శ్రీకాళహస్తిలో ధూర్జటి శివుణ్ణి, గోలకొండ చెరలో రామదాసు రాముణ్ణి ఏకవచనంతోనే పిలిచారు. రామదాసు నిలదీసినప్పుడూ ఏకవచనమే, కాళ్ళు పట్టుకున్నప్పుడూ ఏకవచనమే. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు క్రైస్తవ కీర్తనలు కట్టేనాటికి ఈ మర్యాద తెలుగు కీర్తనకు సహజంగా ఉంది. పల్లవి, చరణాల కట్టుబడిని, పాట నెత్తిన రాగతాళాలు పేర్కొనే పద్ధతిని స్వీకరించినట్లే, దైవాన్ని ‘నీవు’ అని పిలిచే పద్ధతిని కూడా ఆ కీర్తనకారులు స్వీకరించారు. అందులో వారికి సంకోచం కలిగినట్లు ఆ కీర్తనల్లో ఎక్కడా కనబడదు.

మీ సంఘ పెద్దగారు కన్నతండ్రి మాట ఎత్తారు కనుక ఒక మాట. ప్రతి ఆదివారం ఆయన కూడా పలికే ప్రార్థన ‘పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడు గాక, నీ రాజ్యము వచ్చు గాక’ అన్నదే. అక్కడ ‘మీ నామము’ అని ఎవరూ దిద్దలేదు. పైగా తండ్రిని ‘మీరు’ అనడం అన్ని ఇళ్ళలోనూ లేదు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ‘నాయనా, నువ్వు అన్నం తింటివా?’ అని అడిగే పిల్లలు తండ్రిమీద గౌరవం లేనివారు కారు.

అయితే ‘మీరు’ మన ప్రాంతపు సంఘాల్లోకి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒకటుంది. 19వ శతాబ్ది మధ్యలో మొదలైన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లోనూ, అటు వేలూరు వైపునా ఒకే చేతిమీద తెలుగు, తమిళం రెండు భాషల్లో పని చేసింది. నేటికీ ఈ సరిహద్దున తమిళ పాటలు తెలుగులోకి, కొన్నిసార్లు వారం తిరక్కుండానే, వచ్చేస్తుంటాయి. తమిళంలో మధ్యమ పురుషకు మూడు మెట్లున్నాయి. ‘నీ’ అన్నది చనువుకు, ‘నీంగళ్’ అన్నది నేటి మర్యాదకు, ఈ రెంటికీ నడుమ ‘నీర్’ అన్నది ఒక్కరినే గౌరవంగా పిలవడానికి. తమిళ క్రైస్తవ కీర్తనల్లో దేవుడికి సామాన్యంగా వాడేది ఈ ‘నీర్’. దానిని తెలుగు చేసేవారికి గౌరవం వదలడానికి మనసొప్పక ‘మీరు’ అని రాస్తారు. తెలుగుకు మూడో మెట్టు లేదు కదా అని వారి బాధ. నిజానికి ఉంది. నిత్యవ్యవహారంలో మనం ఎవరినైనా ‘నువ్వు’ అంటామే గాని ‘నీవు’ అనం. ‘నీవు’ అన్నది పద్యానికి, కీర్తనకు, ప్రార్థనకు మిగిలిపోయిన మాట. వీధిలో వినిపించకపోవడమే దానికి ఒక గాంభీర్యాన్ని ఇచ్చింది. తమిళ ‘నీర్’కు నా దృష్టిలో సరైన తెలుగు ‘నీవు’. మీ పెద్దగారికి అభ్యంతరం ‘నువ్వు’తో అయితే, ఆ అభ్యంతరాన్ని నేను కొంతవరకు అర్థం చేసుకోగలను. ‘నీవు’తో అయితే అర్థం చేసుకోలేను.

ఒకే పాటలో పురుష మారడమే తప్పా అని మీరు అడగలేదు గాని, ఆ ప్రశ్న వస్తుంది. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అని మొదలయ్యే 23వ కీర్తనను చూడండి. మొదట ‘ఆయన నన్ను పరుండజేయుచున్నాడు’ అని ఇతరులకు చెబుతున్నట్లు నడుస్తుంది. గాఢాంధకారపు లోయ ప్రస్తావన రాగానే ‘నీవు నాకు తోడై యుందువు’ అని నేరుగా దేవుడివైపే తిరుగుతుంది. భయం వేసినచోట ‘ఆయన’ అనే దూరం నిలవలేదు. ఇది భావం తెచ్చిన మార్పు, దీనిని దోషమనరాదు. ‘మీరే’ అని మొదలుపెట్టి ‘నిన్ను’ అని ముగించడంలో అటువంటి భావమేదీ లేదు. పిలిచేవాడు మారలేదు, పిలుపు అందుకొనేవాడు మారలేదు, ఇద్దరి మధ్య దూరమూ మారలేదు, మాట మాత్రం మారింది. అందుకే అది చెవికి తగులుతుంది.

ఆరాధన పాటకు సంబంధించి ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఆ పాట ఇద్దరితో మాట్లాడుతుంది. కొన్ని పాదాలు దేవుడికి, కొన్ని పాదాలు సభకు. సభ ఎలాగూ బహువచనమే. దేవుడికి కూడా బహువచనమే వాడితే ‘మీలో ఆనందం ఉంది’ అన్న పాదం ఎవరిని ఉద్దేశించినదో తేలదు. అది దేవునిలోని ఆనందమా, బెంచీలమీద కూర్చున్నవారిలోని ఆనందమా? ‘నీవు’ దేవుడికి, ‘మీరు’ సభకు అని పాత కీర్తనలు పాటించిన విభజన ఈ తికమకను ముందే తప్పించింది. ఇంకొక ముచ్చట. ఎవరూ అనువదించకుండా అలాగే పాడుకొనే రెండు హీబ్రూ మాటల్లో కూడా ఈ విభజన ఉంది. ‘హల్లెలూయా’లోని ‘హల్లెలూ’ అన్నది బహువచన విధి క్రియ. ‘స్తుతించుడి’ అని దాని అర్థం. చివరి ‘యా’ అన్నది దేవుని నామానికి హ్రస్వరూపం. అంటే అది సభతో అనే మాట. ‘హోసన్న’ అన్నది ‘రక్షించు’ అని దేవుణ్ణి వేడుకొనే ఏకవచన రూపం. దేవుడివైపు తిరిగి చేతులెత్తి ‘హల్లెలూయా’ అనే వాడుక ఇప్పుడు స్థిరపడిపోయింది, దానిని నేను ఆక్షేపించను. ఆ మాట పుట్టుకలో పక్కవాడిని పిలుస్తోందని తెలిసి ఉంటే చాలు.

మీ రెండో సందేహం దీని పక్కనే ఉంది. ‘స్తుతించుడి’, ‘స్తుతించండి’ వేర్వేరు మాటలు కావు. ప్రాచీన కావ్యభాషలో బహువచన విధికి ‘వినుండు’ వంటి రూపాలు ఉండేవి. గ్రాంథికంలో ఆ నిండుసున్న అరసున్నగా తేలి ‘వినుఁడు, వినుఁడి’ అయింది, అచ్చులో అరసున్న కూడా పోయి ‘వినుడి’ మిగిలింది. వ్యవహారంలో నిండుసున్న పోకుండా ‘వినండి’ అని నిలిచింది. మన వైపు ‘రాండి, కూచోండి’ అనేవారి నోట ఉన్నదీ ఆ సున్నయే. కనుక వచనంలో చదివేటప్పుడు ‘స్తుతించండి’ అని మార్చుకుంటే భాషాపరంగా ఏ లోపమూ లేదు. పాటలో మాత్రం ‘స్తుతించుడి’ అయిదు మాత్రలు, ‘స్తుతించండి’ ఆరు. నిదానంగా సాగే పాత కీర్తనలో ఆ ఒక్క మాత్రను గాయకులు సర్దుకోగలరు, చప్పట్లతో పరుగెత్తే పాటలో పిల్లలు తప్పకుండా తడబడతారు. వారికి నోరు తిరగకపోవడానికి కారణం బహుశా ఆ మాటను విడిగా చెప్పించకుండా బాణీతోపాటే నేర్పడం. బాణీ లేకుండా నాలుగుసార్లు పలికించి చూడండి. ఇదే వరసలో ‘నేను’ కర్తగా ఉన్న పాదాల చివర ‘స్తుతించెదము’ అని కొందరు పాడుతుంటారు. అది ‘మేము’తో పోయే రూపం. ‘నేను’ ఉన్నచోట ‘స్తుతించెదను’ గాని ‘స్తుతింతును’ గాని ఉండాలి.

ఆ జెరాక్సు పేజీ విషయంలో నా సలహా ఇది. నీలి సిరా దిద్దుబాట్లన్నీ తీసివేసి పాత పాఠాన్నే పాడండి. కొత్తగా తమిళం నుంచి తెచ్చుకొనే పాటలకు మొదటి పాదం రాయకముందే ‘నిన్ను’ అనాల్సిన చోటేదో, ‘మంచివాడవు’ వంటి ముగింపు వచ్చే చోటేదో చూసుకొని, పిలుపును అప్పుడు నిర్ణయించుకోండి. పెద్దగారు తమ సొంత మాటల్లో ప్రార్థన చేసేటప్పుడు ‘ప్రభువా, మీకు స్తోత్రం’ అంటే దిద్దబోకండి. ‘అయ్యా, మీరు ఎప్పుడొచ్చారు?’ అన్నంత సహజమైన తెలుగే అది. ఆ ప్రార్థన మధ్యలో ‘నీవు’ దొర్లినా ఎవరికీ తెలియదు. పాట అలా కాదు, అది తెరమీద అచ్చుతో పడి అందరి కళ్ళముందూ నిలబడుతుంది.