తప్పించుకున్న మొక్క

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో చేరుతున్నావని, వరి కాండం రసం పీల్చే సుడిదోమను తట్టుకునే వంగడాల మీద పని చేస్తావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఇక నిద్ర పట్టలేదు. మన ఇంటినుంచి ఇంకొకరు వరి మడిలో దిగుతున్నందుకు ఎంత పొంగిపోయానో, నా తప్పే నువ్వూ చేస్తావేమోనని అంత భయపడ్డాను. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

సంకరం చేయడం నీకు బాపట్ల వ్యవసాయ కళాశాలలోనే నేర్పి ఉంటారు. పూలు విచ్చకముందే కేసరాలు తీసెయ్యి, వెన్నుకు సంచి తొడుగు, చీటీ అప్పటికప్పుడే రాసి కట్టు. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

నా బాధంతా ఏ వంగడం దోమను తట్టుకుంటుందో తేల్చే ట్రేల గురించి. ట్రేలో వరుసకొక వంగడం విత్తుతాం. దోమకు ఇట్టే లొంగిపోయే టీఎన్-1ను, గట్టిగా తట్టుకునే పీటీబీ-33ను వాటి మధ్య పెడతాం. నారుకు పది పన్నెండు రోజులు రాగానే దోమ పిల్లల్ని మొక్కల మీద దులుపుతాం. టీఎన్-1 దాదాపు 90 శాతం చచ్చాక అంకెలు వేస్తాం. దెబ్బే తగలకపోతే సున్నా, పూర్తిగా చస్తే తొమ్మిది. ఇదంతా నీకు తెలిసిందే. తెలిసిన పనిలోనే నేను దెబ్బతిన్నాను.

ఉద్యోగంలో చేరి నాలుగో ఏడు. మర్నాడు మీ అమ్మ పెళ్లికి రైలెక్కాలి. కిటికీ పక్కన ఉన్న ట్రేలో, వెలుతురు వైపు టీఎన్-1 గడ్డిలా ఎండిపోయింది. రెండో చివర టీఎన్-1 ఇంకా పచ్చగానే ఉంది. నా కళ్లతో చూశాను తల్లీ! దోమ ఆ చివరకు సరిగా చేరలేదని అప్పుడే అర్థం కావాలి. ఇంకో రెండు రోజులు ఆగాలి, లేదా ట్రేని పక్కన పడేసి మళ్లీ విత్తాలి. నేను ఆ పచ్చటి చివరలో ఉన్న ఒక వంగడానికి 'ఒకటి' అని వేసి, పుస్తకం మూసి, స్టేషనుకు పరుగెత్తాను.

తర్వాత మూడేళ్లూ మా పొలంలో దోమ పెద్దగా రాలేదు. వంగడం బాగుందనుకున్నాం. దాన్ని మళ్లీ ట్రేలో పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాలుగో ఏడు మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద, ఒక రైతు పొలంలో వేయించాం. దోమ మందు కొట్టనక్కర్లేదని ఆయనకు నేనే చెప్పాను.

గింజ పాలు పోసుకునే వేళకు కబురొచ్చింది. వెళ్లేసరికి చేనులో గుండ్రంగా సుడులు, గడ్డిరంగులో. దుబ్బు పక్కకు వంచి చూస్తే నీటిమట్టానికి కాస్త పైన కాండం కనబడనంతగా దోమ. చెయ్యంతా జిగురైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుడైనా మందు కొట్టవచ్చా సార్?" అని మాత్రం అడిగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ప్రశ్న ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

తప్పించుకున్న మొక్క వేరు, తట్టుకున్న మొక్క వేరు. ట్రేలో రెండూ ఒకేలా పచ్చగా ఉంటాయి. అందుకని ఏ వంగడాన్నీ ఒక్క ట్రే చూసి నమ్మకు, కనీసం మూడింటిలో పెట్టు. ట్రేలను రోజూ తిప్పు. అన్ని వైపులా టీఎన్-1 చచ్చేదాకా కలం ముట్టుకోకు. బతికిన మొక్క మీద దోమ ఎంత రసం పీల్చిందో వడపోత కాగితం మీద దాని విసర్జన మచ్చలు చూసి తేల్చుకో. మీ గైడు తొందరపెట్టినా సరే, ఆగు. నీకు మొహమాటం ఎక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నాను.

నిజంగా తట్టుకున్నదైనా ఒకే జన్యువును నమ్ముకుంటే నిలవదు. ఫిలిప్పీన్స్‌లో 1973లో విడుదలైన ఐఆర్-26 వంగడం అలాగే కొన్నేళ్లకే దోమకు లొంగింది. మన దగ్గర ఉల్లికోడు అనే మరో పురుగుకు నిలబడ్డ ఫల్గుణ వంగడం కూడా 1986లో శ్రీకాకుళం వైపు ఓడిపోయింది. పురుగూ మారుతుంది. ఒకటికి రెండు జన్యువులు కలిపే దారి వెతుకు.

హాస్టలు తిండి నచ్చకపోతే ఆదివారాలు ఇంటికి వచ్చెయ్యి, అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి తీసిపెట్టింది. ఆ నాటి పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, ఆ పేజీ నీకు చూపించాలి. కానీ ఆ రోజు నేను ఎందుకు తొందరపడ్డానో మీ అమ్మకు మాత్రం చెప్పకు. తన పెళ్లివల్లే అలా జరిగిందని బాధపడుతుంది.

మీ మామయ్య