వేళ్లు సహకరించకపోతే లెన్సులు మానేయాల్సిందేనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, రెండు కళ్లకూ మైనస్ 9 పవర్. కాలేజీ రోజుల నుంచీ సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులే వాడుతున్నాను. కొన్నేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, మందులు నడుస్తున్నాయి. ఈ మధ్య పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి లెన్స్ పట్టు దొరకడం లేదు. కళ్లజోళ్ల షాపులో అడిగితే "ఇంక లెన్సులు మానేయండమ్మా" అన్నారు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుంటే అన్నీ చిన్నగా, పక్కలకి వంకరగా కనిపిస్తాయి. వేరే దారి లేదా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఉందండీ. లెన్స్ పెట్టుకోవడానికి రెండు వేళ్లూ కలిపి నొక్కే బలం అక్కర్లేదు, ఆ బలం కావాల్సింది తీసేటప్పుడు, దానికీ వేరే పద్ధతులున్నాయి. కాబట్టి ముందు తీయడం గురించే చెప్తాను. పొద్దున ఎలాగోలా పెట్టేసుకుని రాత్రి తీయలేక వాటితోనే పడుకుంటే కార్నియాకి (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకి) ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. మీ మందులు రోగనిరోధక శక్తిని తగ్గించే రకమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీ అంతట మీరు తీసుకోగలరనో, లేదా తీసే మనిషి ఇంట్లో ఉన్నారనో నమ్మకం కుదిరాకే పెట్టుకోండి.

తీసే ముందు లెన్సుల మీద వాడదగ్గ లూబ్రికేటింగ్ డ్రాప్స్ ఒక చుక్క వేసుకుని కాసేపు ఆగండి, లెన్స్ వదులవుతుంది. తర్వాత కళ్లు పెద్దవి చేసి, ఒక చేతి వేలు పై రెప్ప అంచుకి, ఇంకో చేతి వేలు కింది రెప్ప అంచుకి, వెంట్రుకల మొదట్లో ఆనించి, రెండు రెప్పల అంచుల్నీ మెల్లగా ఒకదానివైపు ఒకటి నెట్టండి. రెప్పల మధ్య లెన్స్ ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. వేలి కొనే కావాలని లేదు, వంగిన వేలి పక్క భాగమైనా చాలు, గోరు మాత్రం తగలకూడదు. ఇది కుదరకపోతే సాఫ్ట్ లెన్సుల కోసమే చేసిన మెత్తటి సిలికాన్ మొనల పరికరాలు ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మొదటిసారి మాత్రం క్లినిక్‌లో వాళ్ల ఎదురుగా వాడి చూడండి.

ఇక పెట్టుకోవడం. లెన్స్ ఎప్పుడూ తడి ఎక్కువున్న వైపుకి పోతుంది. వేలు తడిగా ఉంటే వేలినే పట్టుకుని వేలాడుతుంది, వేలు పొడిగా ఉంటే కంటి తడికి అతుక్కుని వేలిని వదిలేస్తుంది. చేతులు బిగుసుకున్నవాళ్లు చాలామంది "నా చేయి వణుకుతోంది, అందుకే పడటం లేదు" అని బాధపడతారు గానీ, అసలు ఇబ్బంది చాలాసార్లు ఈ తడే. పోగులు రాలని బట్టతో వేలు బాగా ఆరేలా తుడుచుకోండి. చూపుడువేలే వాడాలన్న రూలు లేదు, ఏ వేలు తిన్నగా ఉంటే దాని మీద పెట్టుకోండి. రెండు మోచేతులూ టేబుల్ మీద ఆనించి, తల కిందికి వంచండి, అప్పుడు చేతులు పైకి ఎత్తి పట్టుకోవాల్సిన పనుండదు. పైకి చూస్తూ లెన్స్‌ని నల్లగుడ్డు మీద కాకుండా కింద తెల్లగుడ్డు మీద ఆనిస్తే చాలు, కళ్లు మూసుకుని నాలుగువైపులా తిప్పితే అదే దాని చోటికి వెళ్తుంది. అద్దం మీద పెద్దగా ఆధారపడకండి. మైనస్ 9 పవర్‌కి కళ్లజోడు లేకుండా స్పష్టంగా కనిపించేది సుమారు 11 సెంటీమీటర్ల వరకే, అద్దంలో బొమ్మేమో అద్దం ఎంత దూరంలో ఉంటే దానికి రెట్టింపు దూరంలో ఉన్నట్టు లెక్క. స్పర్శ మీద నేర్చుకోవడమే మంచిది.

టైమ్ కూడా మార్చుకోండి. లేవగానే కాకుండా, వేణ్ణీళ్ల స్నానం అయ్యాక, వేళ్లు కాస్త కదలడం మొదలెట్టాక పెట్టుకోండి. అప్పటిదాకా కళ్లజోడుతో గడిపితే తప్పేం లేదు. రోజూ వాడి పారేసే లెన్సులకి మారితే రాత్రి రుద్ది కడిగే పని తప్పుతుంది. ఖర్చు ఎక్కువే, పైగా ఆ ప్యాకెట్ మీది రేకు లాగడం మీ వేళ్లకి కష్టం కాబట్టి ఆ ఒక్క సాయం ఇంట్లోవాళ్లని అడగండి. ఆవకాయ కలిపిన రోజు, పచ్చిమిర్చి తరిగిన రోజు లెన్స్ ముట్టుకోవద్దు, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆ మంట వేళ్లని అంత తేలిగ్గా వదలదు.

ఇంకో ముఖ్యమైన మాట. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో కళ్లు పొడిబారడం మామూలే, కొందరికి తెల్లగుడ్డుకే వాపు వస్తుంది. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే, వెలుతురు చూడలేకపోతే, లెన్స్ ఒరుసుకుందిలే అని ఊరుకోకుండా వెంటనే తీసేసి అదే రోజు డాక్టరుకి చూపించండి. లెన్సులు కొనసాగించాలా వద్దా అని తేల్చాల్సింది కంటి తడి పరీక్ష చేసిన డాక్టరు.

ప్రశ్న: బైక్ యాక్సిడెంట్‌లో భుజం నరాలు తెగి నా కుడి చేయి పనిచేయడం లేదు. కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) వల్ల లెన్స్ లేకపోతే చూపు సరిగా లేదు. ఆర్‌జీపీ (గట్టి రకం లెన్స్) వాడుతున్నాను, స్క్లీరల్ లెన్స్ (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్స్) మంచిదంటున్నారు. ఒక్క చేత్తో అవుతుందా?
– 24 ఏళ్ల పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవుతుంది తమ్ముడూ, ప్రాక్టీస్ కావాలి. ఆర్‌జీపీ తీయడానికి ఒక్క వేలు చాలు. టేబుల్ మీద శుభ్రమైన టవల్ పరిచి దాని మీదికి వంగి, కంటి బయటి కొసని చెవి వైపు లాగి గట్టిగా రెప్ప వేస్తే లెన్స్ టవల్ మీద పడుతుంది. స్క్లీరల్‌కి ప్లంజర్ (లెన్స్‌ని అంటిపెట్టుకునే చిన్న రబ్బరు కప్పు) స్టాండ్ ఉంటుంది, అందులో లెన్స్ కప్పులా నిటారుగా నిలబడుతుంది. దాన్ని ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నిండా నింపి, ముఖం నేలకి సమాంతరంగా వంచి, ఉన్న ఒక్క చేత్తో రెండు రెప్పలూ తెరిచి పట్టుకుని కన్నే లెన్స్ దగ్గరికి దించాలి. గాలి బుడగ కనిపిస్తే తీసి మళ్లీ పెట్టు. తీసేటప్పుడు రబ్బరు ప్లంజర్‌ని సెలైన్‌తో తడిపి లెన్స్ నడిమధ్యన కాకుండా అంచు దగ్గర ఆనించాలి, లెన్స్ కంట్లో ఉందని అద్దంలో చూసుకున్నాకే. లెన్స్ లేని కంటికి అది అంటుకుంటే కార్నియా గాయపడుతుంది.

హైదరాబాద్‌లో ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల కాంటాక్ట్ లెన్స్ విభాగం ఉంది. అక్కడ రెండు చేతుల పద్ధతి చూపించి పంపిస్తే ఒప్పుకోకు, ఎడమచేత్తో నువ్వే పెట్టి, తీసి చూపించాకే లెన్స్ ఇంటికి తెచ్చుకో. ప్లంజర్‌ని గానీ లెన్స్‌ని గానీ కుళాయి నీళ్లతో కడగొద్దు, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాని దెబ్బతీస్తుంది. ఇంకో ప్లంజర్ కొని ఎప్పుడూ బ్యాగులో పెట్టుకో.