మార్చిలో బేస్‌బాల్ చూడ్డానికి వచ్చే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ సియాటిల్ స్కూళ్లకి ఫిబ్రవరి మధ్యలో ఇచ్చే వారం సెలవుల్లో అందరూ ఫీనిక్స్ వస్తామని, మీ ఊరి జట్టు మెరీనర్స్ సీజన్‌కి ముందు ఆడే స్ప్రింగ్ ట్రైనింగ్ (శిక్షణ) మ్యాచ్‌లు చూస్తామని మీ అత్తయ్యతో అన్నావట. ఆ వారం వద్దు. అప్పటికి పిచర్లు (బంతి విసిరేవాళ్లు), క్యాచర్లు (దాన్ని పట్టేవాళ్లు) వచ్చి ఉంటారు, మిగతావాళ్లు అప్పుడప్పుడే దిగుతుంటారు. మ్యాచ్‌లు మొదలయ్యేసరికి మీ సెలవులు అయిపోవస్తాయి. మార్చి మొదటి వారంలో ఒక గురువారం, శుక్రవారం చూసుకుని రండి. రెండో తరగతి పిల్లాడు రెండు రోజులు బడి మానేస్తే కొంపలేం మునగవు. నెల మధ్యకొస్తే అన్ని రాష్ట్రాల నుంచీ స్ప్రింగ్ బ్రేక్ (బడుల వసంత సెలవుల) జనం దిగుతారు, విమానం టికెట్ల నుంచి పార్కింగ్ దాకా అన్నీ మండిపోతాయి.

ఒక్క మాట మాత్రం నిజం. మార్చి మొదట్లో పెద్ద ఆటగాళ్లు రెండు మూడుసార్లు బ్యాటింగ్ చేసి వెళ్లిపోతారు, పిచర్లు మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండు వేస్తే గొప్ప. మూడో వారానికి వస్తే వాళ్లని ఆరేడు ఇన్నింగ్స్ చూడొచ్చు. నువ్వొక్కడివే వస్తే మూడో వారమే రమ్మనేవాణ్ణి. పిల్లాడితో, మీ అమ్మతో వస్తున్నావు కాబట్టి జనం తక్కువున్న రోజులే మేలు.

ఇక్కడి కాక్టస్ లీగ్, అంటే అరిజోనాలో జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్, ఎంత సుఖమో ఫ్లోరిడా వెళ్లినవాళ్లని అడుగు. అక్కడా 15 జట్లే, కానీ ఒకటి టాంపాలో ఉంటే ఇంకొకటి జూపిటర్‌లో ఉంటుంది, రోజంతా కారులోనే. ఇక్కడ 15 జట్లకి 10 స్టేడియంలు, అన్నీ ఫీనిక్స్ చుట్టుపక్కలే. 1947లో క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కి, న్యూయార్క్ జెయింట్స్ ఫీనిక్స్‌కి రావడంతో మొదలైంది ఇదంతా. మీ మెరీనర్స్ ఉండేది పియోరియాలో, శాన్ డియాగో పాడ్రెస్‌తో కలిసి ఒకే కాంప్లెక్స్. చాండ్లర్‌లో మా ఇంటి నుంచి ట్రాఫిక్‌ని బట్టి గంట అనుకో.

షెడ్యూల్ చూసేటప్పుడు మెరీనర్స్ పియోరియాలో ఆడే రోజులే ఎంచుకో. వేరే ఊరి మ్యాచ్‌కి వెళ్లే బస్సు చాలామంది సీనియర్లు ఎక్కరు, కుర్రాళ్లని పంపి వాళ్లు ఇక్కడే ఉండిపోతారు. ఒక్కోరోజు జట్టుని రెండుగా చీల్చి రెండు చోట్ల ఆడిస్తారు, షెడ్యూల్‌లో 'స్ప్లిట్ స్క్వాడ్' అని ఉంటుంది. అలాంటి రోజు టికెట్ కొనకు. ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్ జరిగే ఏడాదైతే సగం మంది స్టార్లు తమ దేశాల జట్లతో వెళ్లిపోతారు, అదీ చూసుకో.

అసలు విషయం పొద్దున్న ఉంది. మ్యాచ్ ఒంటిగంట దాటాక మొదలవుతుంది కదా అని ఆ టైముకే చేరావనుకో, పెళ్లికి వెళ్లి భోజనాల పంక్తిలో కూర్చుని వచ్చేసినట్టే. స్టేడియం వెనక ప్రాక్టీస్ మైదానాలుంటాయి. వాటిలోకి పొద్దున్న పూట ఏ రోజుల్లో రానిస్తారో ముందురోజు జట్టు సైట్‌లో చూసుకుని, తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండండి. కంచెకి ఇవతల నిలబడితే పిచర్ విసిరిన బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు వినబడుతుంది. ఆ వేగం టీవీలో తెలీదురా. కోచ్ ఒక్కో కుర్రాడి పాదం ఎక్కడ పెట్టాలో చెబుతుంటాడు, వాడు అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటాడు. నాకు మ్యాచ్ కన్నా ఇదే ఇష్టం, మీ అత్తయ్య నవ్వుకున్నా సరే.

మనవడు, అదే నీ కొడుకు, మెరీనర్స్ ఆటగాడు కాల్ రాలీ సంతకం కావాలని పట్టుబట్టాడట. 2025లో 60 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన క్యాచర్ కోసం వాడొక్కడే కాదు, ఊరంతా నిలబడుతుంది. దొరుకుతుందని మాటివ్వకు. బంతి మీద సంతకానికి నీలం బాల్‌పాయింట్ పెన్ను తీసుకురా, మార్కర్ అయితే తోలు మీద పాకిపోతుంది. ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల మీద అయితే మార్కరే మంచిది. స్టార్లు ఆట మధ్యలో బయటికొచ్చి క్లబ్‌హౌస్‌కి (ఆటగాళ్ల గదులకి) నడిచి వెళ్లే దారి ఎటో అక్కడి సిబ్బందిని అడిగి, నాలుగైదు ఇన్నింగ్స్ టైములో పిల్లాణ్ణి ఆ కంచె దగ్గర నిలబెట్టు. పేరు పెట్టి, 'ప్లీజ్' అని వాడే అడగాలి, నువ్వు వెనక్కి ఉండు. సంతకాలు అమ్ముకునే పెద్దమనుషులు సంచీలో డజను బంతులతో ముందుకి తోసుకొస్తారు, వాళ్లతో గొడవ పెట్టుకోకు.

సీట్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. అవుట్‌ఫీల్డ్ వెనక లాన్ మీద టికెట్ చవకే, దుప్పటి పరుచుకుని కూర్చుంటే పిల్లాడికి పండగే. కానీ అక్కడ నీడ ఉండదు, మీ అమ్మ మోకాళ్లతో గడ్డి మీద కూర్చోలేదు. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, పైకప్పు కిందికొచ్చే పై వరుసల్లో తీసుకో. ఈ ఎండ పొడి ఎండ, చెమట పట్టినట్టే ఉండదు, సాయంత్రానికి చర్మం మాత్రం కాలిపోతుంది. సన్‌స్క్రీన్, టోపీ, నీళ్లు అందరికీ తప్పనిసరి. మీ అమ్మ టోపీ పెట్టుకోనంటే చీర కొంగు చాలదని నేను చెప్పానని చెప్పు. పొద్దుపోయాక చలేస్తుంది, స్వెటర్ కారులో ఉంచు. పులిహోర తెస్తానని అక్కయ్య ఎలాగూ అంటుంది. బయటి తిండికీ, సంచీ సైజుకీ ఒక్కో స్టేడియంలో ఒక్కో రూలు, రాత్రే చూసుకో. రానివ్వకపోతే శాకాహారికి దొరికేవి ప్రెట్‌జెల్, వేరుశనక్కాయలు, నాచోలు. కడుపు నిండా టిఫిన్ పెట్టే పంపిస్తాం లే.

మీ అమ్మకి ఆట అర్థమవుతుందా అని బెంగ పడకు. అంపైర్ చెప్పిన స్ట్రైక్ (కొట్టదగ్గ బంతేనన్న తీర్పు) తప్పనిపిస్తే బ్యాటర్ హెల్మెట్ తట్టుకుంటాడు, తెర మీద బంతి దారి చూపిస్తారు. మన డీఆర్ఎస్ లాంటిదే. పెద్ద లీగ్‌లోకి తెచ్చే ముందు 2025లో ఈ స్ప్రింగ్ ట్రైనింగ్‌లో కూడా పరీక్షించి చూశారు. ఇక్కడ అందరూ, అన్నీ పరీక్షకే వస్తాయి. అందుకే స్కోరు పట్టుకుని కూర్చోకు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక సమానంగా ఉన్నా మామూలుగా అంతే, ఇళ్లకి పొమ్మంటారు.

ఆరో ఇన్నింగ్స్‌కి సగం జనం లేచిపోతారు. మీరు లేవకండి. అప్పుడు 80, 90 నంబర్ల చొక్కాలతో ఎవరికీ తెలియని కుర్రాళ్లు దిగుతారు, కొందరి వీపు మీద పేరు కూడా ఉండదు. ఓడిపోయే మ్యాచ్‌లో కూడా ప్రాణం పెట్టి పరిగెత్తేది వాళ్లే. చాలా ఏళ్లు ఇలాంటి మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) కుర్రాళ్లకి ఈ శిక్షణ వారాలకి జీతం ఉండేది కాదు, 2023 ఒప్పందంతో ఇస్తున్నారు. మనవడు వాళ్లలో ఒకణ్ణి ఎంచుకుని పేరు రాసుకోమను. సంతకం కూడా వాళ్ల దగ్గర తేలిగ్గా దొరుకుతుంది.

రోజుకి ఒక్క మ్యాచే. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఇంకొకటి అని ప్లాన్ వేసి పంపావు, రాత్రిది కొట్టేశాను. ఇంకొకటి, అరిజోనాలో గడియారం మార్చరు. మార్చి రెండో ఆదివారం దాకా మేం మీకన్నా గంట ముందుంటాం, తిరుగు విమానం టైము చూసుకునేటప్పుడు గుర్తుంచుకో. టికెట్లు ఫోన్‌లోనే వస్తాయి, నలుగురివీ నీ ఒక్కడి ఫోన్‌లో పెట్టుకోకుండా మీ ఆవిడకి రెండు పంపు. హోటల్ మాటెత్తితే మీ అత్తయ్య ఊరుకోదు, పై గది ఖాళీ చేసి పెట్టింది. తేదీలు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.

ఇట్లు,
మీ మావయ్య